జిమ్ కార్బెట్ గురి

హిమాలయ పర్వతాల దక్షిణపు అంచున కుమాయూన్ అనే కొండసీమ ఉంది. అది ఇప్పటి ఉత్తరాఖండ్ రాష్ట్రంలోనిది. ఆ సీమలో ఎత్తయిన కొండల నడుమ ఒక సరస్సు, దాని చుట్టూ ఒక పట్టణం ఉన్నాయి. ఆ పట్టణం పేరు నైనీతాల్. 1875 జూలై 25న ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ అక్కడ జన్మించాడు. ఇంట్లోవాళ్ళు అతణ్ణి జిమ్ అని పిలిచేవారు. లోకానికి కూడా ఆ పేరే తెలుసు.

జిమ్ తండ్రి క్రిస్టఫర్ నైనీతాల్‌లో పోస్టుమాస్టరు. తల్లి పేరు మేరీ జేన్. ఇంటినిండా పిల్లలు. జిమ్‌కు ఆరేళ్ళు నిండకముందే, 1881లో, తండ్రి కన్నుమూశాడు. పెద్దన్న టామ్ తండ్రి ఉద్యోగంలో చేరి సంసారభారం నెత్తిన వేసుకున్నాడు. జిమ్ కంటె కొంచెం పెద్దదైన అక్క మాగీ తమ్ముడికి ఆటల్లోనూ అడవి తిరుగుళ్ళలోనూ తోడు. ఆ తోడు చివరిదాకా తెగలేదు.

నైనీతాల్‌లో చలికాలం మంచు కురుస్తుంది. అందుచేత చలి మొదలు కాగానే కార్బెట్ కుటుంబం కొండ దిగి, ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలోని కాలాధుంగి గ్రామానికి చేరేది. ఎండాకాలం మళ్ళీ కొండ ఎక్కేది. కాలాధుంగి చుట్టూ దట్టమైన అడవి. పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు, నెమళ్ళు, అడవికోళ్ళు ఆ అడవినిండా ఉండేవి. వానలు వెనకబట్టి, గడ్డి ఎండి, ఆకు రాలే ఆ నెలలే వేటకాలం కూడాను. అంటే జిమ్‌కు ఏడాదిలో సగం బడి, సగం అడవి. ఏ సగంలో ఎక్కువ నేర్చుకున్నాడో చెప్పడం కష్టం కాదు.

మొదట అతని చేతికి వచ్చింది రబ్బరు పట్టీ కట్టిన ఉండేలు. దానితో రాళ్ళు కొట్టి గురి నేర్చుకున్నాడు. తరువాత మట్టి ఉండలు విసిరే విల్లు పట్టాడు. ఉండేలు కంటె విల్లు దెబ్బ బలమైనది. కాని దానితో గురి కుదరడం అంత తేలిక కాదు. రాయి విసరాలంటే పిట్టకు దగ్గరగా వెళ్ళాలి. దగ్గరగా వెళ్ళాలంటే ఎండుటాకు చప్పుడు కాకూడదు. గాలి ఎటు వీస్తున్నదో తెలియాలి. ఏ పిట్ట ఏ చెట్టు మీద వాలుతుందో, ఎందుకు అరుస్తుందో తెలియాలి. అలా చేతికి గురి కుదిరేలోగా చెవికి అడవి భాష పట్టుబడింది. కోతి హెచ్చరికకూ, దుప్పి బెదురు కేకకూ, నెమలి అరుపుకూ అర్థాలు వేరు. వాటిని విని, కంటికి కనబడని పులి ఏ పొదవైపు కదులుతున్నదో చెప్పగలిగేవాడు. జంతువుల కూతలను అచ్చంగా అనుకరించడం కూడా అప్పుడే అలవడింది. ఆ విద్య యాభై ఏళ్ళ తరువాత ఒకనాడు అతనికి పనికివచ్చింది.

కొన్నాళ్ళకు జిమ్‌కు ఒక తుపాకి బహుమతిగా దొరికింది. అది గొప్ప తుపాకి ఏమీ కాదు. జోడు గొట్టాలది. ఎవరో ఎప్పుడో మందు ఎక్కువ దట్టించి పేల్చినందువల్ల కుడి గొట్టం చీలిపోయింది. ఆ పేలుడుకే కర్ర విరిగింది. విరిగిన కర్రకూ గొట్టాలకూ ఇత్తడి తీగ చుట్టి ఎవరో అతుకు వేశారు. చూసినవాళ్ళు నవ్వవలసిన వస్తువే. కాని కాలాధుంగి దగ్గర చాందినీచౌక్ గ్రామపెద్ద కువర్‌సింగ్ నవ్వలేదు. ఆ చుట్టుపక్కల అతణ్ణి మించిన వేటగాడు లేడు. సర్కారు అనుమతి లేకుండా వేటాడేవాడన్నది కూడా నిజమే. అతడు తుపాకిని చేతికి తీసుకుని శ్రద్ధగా పరీక్షించాడు. ఎడమ గొట్టం చక్కగా ఉన్నదని మెచ్చుకున్నాడు. ఒకే గొట్టం పనిచేస్తుంది గనుక మందూ గుండ్లూ సగమే మోసుకుపోతే చాలునని పిల్లవాడికి ధైర్యం చెప్పాడు. ఈ తుపాకితో అడవిలో ఎక్కడికైనా పోవచ్చునని, అయితే చెట్లెక్కడం మాత్రం నేర్చుకోవాలని బోధించాడు. జిమ్‌కు అడవిలో గురువు అతడే. చదువుకున్న దొరల బిడ్డకు పల్లెటూరి రైతు గురువు కావడం ఆ రోజుల్లో అరుదు.

ఆ తుపాకి పేల్చడం ఎంత పనో ఇప్పటివారికి తెలియకపోవచ్చు. గొట్టం మూతిలోనుంచి కొలతగా మందు పోయాలి. దానిమీద గుడ్డపీలికో కాగితమో కూరి, కడ్డీతో దట్టించాలి. తరువాత గుండ్లు పోయాలి. మళ్ళీ కూరాలి. వెనుకవైపు చిన్న టోపీ తగిలించాలి. ఇంత చేసినా ఒక్కసారే పేలుతుంది. అది తప్పిపోతే మళ్ళీ మొదటినుంచి మొదలు పెట్టేలోగా జంతువు కొండ దాటిపోతుంది, లేదా మీదికి వస్తుంది. మందూ గుండ్లూ డబ్బు పెట్టి కొనాలి. తండ్రి లేని ఇంటిలో పిల్లవాడి దగ్గర డబ్బెక్కడిది? అందుచేత జిమ్ ఒక్క గుండు కూడా ఊరకే పేల్చేవాడు కాదు. దెబ్బ తగులుతుందని నమ్మకం కుదిరేదాకా ఆగేవాడు. నమ్మకం కుదరకపోతే తుపాకి దించి వచ్చేసేవాడు. పేదరికం నేర్పిన ఆ పొదుపే ముందు ముందు అతణ్ణి మంచి గురికాడుగా నిలబెట్టింది.

పదేళ్ళు వచ్చేసరికి జిమ్ నైనీతాల్‌లోని స్వచ్ఛంద సైనికదళపు బాలుర విభాగంలో చేరాడు. అక్కడ పిల్లలకు కవాతు నేర్పేవారు, రైఫిలు కాల్పించేవారు. ఆ రైఫిలు మార్టినీ-హెన్రీ రకానిది. ఆ కాలపు సైనికులు వాడినదే. బరువు నాలుగు కిలోలకు కొంచెం తక్కువ. కింద ఉన్న మీటను వంచితే వెనుకభాగం తెరుచుకుంటుంది. అందులో ఒక తూటా పెట్టి మీట మూయాలి. ఒకసారికి ఒక్క తూటాయే. పేలినప్పుడు అది భుజాన్ని గుర్రం తన్నినట్లు తన్నేది. పదేళ్ళ పిల్లవాడి భుజం కమిలిపోయేది.

రైఫిలుతో గురి చూడడంలో పైకి కనిపించే విద్య కొంచెమే. గొట్టం వెనుకభాగాన ఒక చిన్న గాడి ఉంటుంది. ముందుకొసన ఒక చిన్న మొన ఉంటుంది. గాడి, మొన, కొట్టవలసిన గుర్తు, ఈ మూడూ ఒకే వరుసలోకి రావాలి. అంతే. కాని ఊపిరి తీస్తే గొట్టం పైకి లేస్తుంది. వదిలితే దిగుతుంది. గుండె కొట్టుకుంటే మొన వణుకుతుంది. ట్రిగ్గరు గబుక్కున లాగితే గొట్టం పక్కకు జరుగుతుంది. కొసన వెంట్రుకవాసి జరిగితే వంద గజాల దూరాన జానెడు జరిగినట్టే. వీటన్నిటికంటె పెద్ద శత్రువు భుజానికి తగలబోయే దెబ్బను తలచుకుని ముందుగానే బిగుసుకుపోవడం. భుజం కమిలిన పిల్లవాడికి ఆ భయం సహజం. దాన్ని పోగొట్టుకోవడానికి సాధన తప్ప వేరే దారి లేదు. మెల్లగా ఊపిరి వదిలి, సగంలో ఆపి, వేలిని పిండినట్లు నెమ్మదిగా బిగించి, పేలుడు ఎప్పుడు జరిగిందో తనకే తెలియనట్లు కాల్చాలి. వందలసార్లు చేస్తే గాని శరీరానికి అది అలవాటు కాదు.

ఒకనాడు బాలుర గురిపోటీ చూడడానికి సైనికాధికారులు, పెద్దలు వచ్చారు. వారిలో తరువాతి కాలంలో ఫీల్డ్ మార్షల్ అయిన రాబర్ట్స్ కూడా ఉన్నాడు. చిన్నారి జిమ్ కాల్చిన తీరు వారందరికీ నచ్చింది. ఫలితంగా ఒక మార్టినీ-హెన్రీ రైఫిలును జిమ్‌కు వాడుకోవడానికి ఎరువిచ్చారు. అధికారులు పదేళ్ళ పిల్లవాణ్ణి నమ్మి సైనిక రైఫిలు చేతికిచ్చారు. అది పోటీలో గెలిచిన బహుమతి వంటిది కాదు. శుభ్రంగా ఉంచి, జాగ్రత్తగా వాడి, తిరిగి అప్పగించవలసిన వస్తువు. జిమ్ ఆ రైఫిలుతో కాలాధుంగికి దిగాడు.

ఎక్కువ రోజులు గడవకముందే ఆ రైఫిలుతో అతడు ఒక చిరుతను కాల్చాడు. పొగమందు తూటా గనుక పేలగానే ముఖం ముందు తెల్లని తెర కట్టింది. ఆ తెరలోనుంచి చిరుత దూకి, అతని మీదుగా పొదల్లోకి పోయింది. దెబ్బ తగిలిందని నెత్తుటి చుక్కలు చెప్పాయి. కాని చచ్చిందో బతికిందో తెలియదు. గాయపడ్డ చిరుతను పొదలో వెదకడం పెద్దలకే ప్రాణాంతకం. పదేళ్ళవాడు ఇంటికి పరుగెత్తినా తప్పుపట్టేవారు లేరు. జిమ్ వెళ్ళలేదు. మరొక తూటా పెట్టుకుని నెత్తుటి జాడ వెంట అడుగులో అడుగు వేస్తూ పోయాడు. పొదలో చిరుతను కనుగొని పని పూర్తిచేశాడు. ఆ తరువాతే అక్కకు చెప్పడానికి ఇంటికి పరుగెత్తాడు.

బడి చదువు నైనీతాల్‌లోనే ముగిసింది. ఇంజనీరు కావాలని ఉండేది గాని ఇంట్లో డబ్బు లేదు. ఇరవై ఏళ్ళు రాకముందే రైల్వే ఉద్యోగం కోసం బీహారుకు వెళ్ళాడు. మొదట రైలింజన్లకు కట్టెలు కొట్టించే పని. తరువాత గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకులు ఒక బండినుంచి మరొక బండికి మార్పించే గుత్తేదారు పని. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే కూలీలతో కలిసి బతికాడు, వారి పిల్లలకు బడి పెట్టించడంలో చేయి కలిపాడు. సెలవు దొరికితే మాత్రం కాళ్ళు కుమాయూన్ వైపే నడిచేవి.

1907లో అలా వచ్చినప్పుడే ఒక పని ఆయన మీద పడింది. చంపావత్ ప్రాంతంలో ఒక ఆడపులి మనుషులను తినడానికి మరిగింది. అంతకుముందు అది నేపాల్‌లో రెండువందలమందిని చంపింది. అక్కడివారు తరిమితే సరిహద్దు దాటి కుమాయూన్‌లోకి వచ్చింది. ఇక్కడ మరో రెండువందలమందికి పైగా మనుషులను చంపింది. మొత్తం 436 మంది. ఒక్క జంతువు ఇంతమందిని పొట్టన పెట్టుకోవడం నమ్మశక్యం కాదు గాని అవి సర్కారు లెక్కలు. కార్బెట్ రెండు షరతులు పెట్టాడు. పులి తల మీద ప్రకటించిన బహుమానం రద్దు చేయాలి. అడవిలో తిరుగుతున్న ఇతర వేటగాళ్ళను వెనక్కు పిలవాలి. డబ్బు కోసం వేటాడుతున్నాడనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. తొందరపాటు వేటగాడి తూటా తనకు తగలడమూ ఇష్టం లేదు.

పాలీ అనే గ్రామం చేరేసరికి అక్కడివాళ్ళు అయిదు రోజులుగా తలుపులు తీయలేదు. ఆ రాత్రి ఆయన బయట ఒక చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. భయంతో పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఆ సంగతి తరువాత తానే రాసుకున్నాడు, దాచుకోలేదు. గ్రామస్థులకు ఈ కొత్తమనిషి మీద నమ్మకం లేదు. ఆయన వెంట అడవిలోకి రావడానికి ఎవరూ సిద్ధపడలేదు. అప్పుడు వాళ్ళు ఎదుటి కొండచరియ మీద గొరల్ అనే అడవిమేకలను చూపి, కూరకు కొట్టిపెట్టగలవా అని అడిగారు. నిజానికి అది పరీక్ష. నిట్టనిలువు చరియ, దూరం చాలా ఎక్కువ. కార్బెట్ మూడు తూటాలకు మూడు మేకలను పడగొట్టాడు. ఆ రోజునుంచి గ్రామస్థుల తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుచూస్తున్న పంటకోత మొదలయింది. చిన్ననాడు నైనీతాల్‌లో కమిలిన భుజం అక్కడ ఒక ఊరికి ధైర్యమిచ్చింది.

అయినా పులి దొరకలేదు. అది చంపావత్ దగ్గర ఒక చిన్నదాన్ని చంపింది. అప్పుడు ఆ ఊరి తహసీల్దారు సాయంతో కార్బెట్ అడవిని కదిలించాడు. 1878 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం. ఆనాడు మాత్రం దాచిపెట్టిన తుపాకులన్నీ బయటికి వచ్చాయి. తహసీల్దారు చూసీచూడనట్లు ఊరుకున్నాడు. దాదాపు మూడువందలమంది కొండకొమ్మున వరుసకట్టి కేకలు వేశారు. పులి బయటపడింది. కార్బెట్ దగ్గర మూడే తూటాలున్నాయి. మూడూ అయిపోయాయి. పులి ఇంకా నిలబడే ఉంది. ఆయన పరుగున వెళ్ళి తహసీల్దారు చేతిలోని పాత తుపాకి అందుకున్నాడు. గొట్టానికీ వెనుకభాగానికీ నడుమ వేలు దూరేంత సందు కనిపిస్తున్న తుపాకి అది. తెరిచిన నోటికి గురిపెట్టి కాలిస్తే దెబ్బ పంజాకు తగిలింది. మంచి గురి అయినా మంచి ఆయుధం లేనిదే అంతే. అదృష్టవశాత్తు ముందు తగిలిన తూటాలకే పులి చచ్చింది.

చచ్చిన పులి నోరు తెరిచి చూసినప్పుడు ఆయనకు ఒక విషయం తెలిసింది. కుడివైపున పై కోరపన్ను సగం విరిగి ఉంది. కింది కోరపన్ను ఎముకదాకా పోయింది. ఎన్నో ఏళ్ళ కిందట ఎవరో వేటగాడు కాల్చిన తూటా చేసిన పని అది. గురి సరిగా కుదరలేదు. పులి చావలేదు. వేటగాడు దాని వెంట వెళ్ళి వెదికినట్టు లేదు. పళ్ళు పోయిన పులి దుప్పినో అడవిపందినో పట్టి చంపలేకపోయింది. పరుగెత్తలేని, కొమ్ములు లేని ప్రాణి మనిషి ఒక్కడే. ఆ వేటగాడి పేరు ఎవరికీ తెలియదు. అతడు ఆ సాయంత్రం ఇంటికి పోయి దెబ్బ తప్పిందని చెప్పుకుని నవ్వుకుని ఉండవచ్చు. 436 కుటుంబాలు ఆ తప్పిన దెబ్బకు మూల్యం చెల్లించాయి.

ఆ తరువాత ముప్పై ఏళ్ళపాటు కార్బెట్ చంపిన నరమాంస భక్షకులలో చాలావాటికి ఇటువంటి కథే ఉంది. పులి పుట్టుకతో మనిషిని తినదని, పదింట తొమ్మిది సందర్భాలలో గాయమే దాన్ని ఆ దారి పట్టిస్తుందని, మిగిలిన ఒక్కసారి ముసలితనమని ఆయన తేల్చాడు. గాయాలన్నీ మనిషి చేసినవే కావు. ముక్తేశ్వర్ ఆడపులికి ఏదుపందితో జరిగిన పోరులో ఒక కన్ను పోయి, ముందుకాలిలో ఏదుముళ్ళు యాభైదాకా దిగబడ్డాయి. కాని చాలా గాయాలు అజాగ్రత్తగా పేల్చిన తుపాకులవే.

ఈ భయం చివరికి ఆయన చేత ఒక పొరపాటు కూడా చేయించింది. పీపల్‌పానీ అనే చోట ఒక పులిని ఆయన పిల్లగా ఉన్ననాటినుంచి ఎరుగును. ఒక రాత్రి ఎవరో దాన్ని భుజాన కాల్చి గాయపరిచారు. ఇక ఇది మనుషుల మీద పడుతుందని అనుకుని కార్బెట్ దాన్ని వెదికి చంపాడు. తీరా చూస్తే గాయం మానుతున్నది. చంపవలసిన అవసరం లేకపోయింది. ఆ సంగతి రాసినప్పుడు ఆయన తన బాధను దాచుకోలేదు.

చంపావత్ పులిని చంపినందుకు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు హ్యూయెట్ ఆయనకు ఒక రైఫిలు బహూకరించాడు. అది లండన్‌లోని రిగ్బీ కంపెనీ తయారుచేసిన .275 రైఫిలు. తేలికైనది, కొండలెక్కేవాడికి అనువైనది. ఆ తరువాత ఆయనకు ఎన్నో ఏళ్ళు అదే తోడు.

మొదటి ప్రపంచయుద్ధంలో కార్బెట్ 1917లో అయిదువందలమంది కుమాయూన్ కూలీలను వెంటబెట్టుకుని ఫ్రాన్సుకు వెళ్ళి, ఒక్కరిని తప్ప అందరినీ తిరిగి ఇళ్ళకు చేర్చాడు. యుద్ధం ముగిసి వచ్చాక ఆయనకు మరొక కఠినపరీక్ష ఎదురయింది. రుద్రప్రయాగ దగ్గర ఒక చిరుత 1918 నుంచి 1926 వరకు 125 మందిని చంపింది. అది కేదారనాథ్‌కూ బదరీనాథ్‌కూ యాత్రికులు నడిచే దారి. చీకటి పడితే ఆ దారిన పిట్ట తిరిగేది కాదు. తలుపులు గొళ్ళెం పెట్టుకుని కూర్చున్న ఇళ్ళలోకి కూడా అది చొరబడేది.

పగలు కంటికి కనబడని చిరుతను రాత్రి చీకటిలో కాల్చాలి. చీకటిలో రైఫిలు మొన కనబడదు, గాడి కనబడదు. పగటి సాధన అంతా అక్కడ పనికిరాదు. 1926లో కార్బెట్ గులాబ్‌రాయ్ అనే చోట బాట పక్కన ఒక మామిడిచెట్టెక్కి కూర్చున్నాడు. కింద మెడలో గంట కట్టిన మేక. రైఫిలుకు ఒక టార్చిలైటు బిగించుకున్నాడు. పది రాత్రులు గడిచాయి. చిరుత రాలేదు. పదకొండో రాత్రి ఉన్నట్టుండి మేక గంట గట్టిగా మోగింది. టార్చి నొక్కాడు. రైఫిలు మొన సరిగ్గా చిరుత భుజం మీద ఉంది. వెంటనే పేల్చాడు. మరుక్షణం టార్చి ఆరిపోయింది. తగిలిందో లేదో తెలియక తెల్లవారేదాకా చెట్టుమీదే కూర్చున్నాడు. తెల్లవారాక దిగి చూస్తే కొంతదూరాన చిరుత చచ్చిపడి ఉంది. వెలుతురు ఉన్న ఆ ఒక్క క్షణంలో గొట్టం సరైన చోట ఉండడాన్ని అదృష్టమనేవారు అనవచ్చు. చీకటిలో గంట మోగిన దిక్కుకు గొట్టం దానంతట అది తిరగడానికి మాత్రం నలభై ఏళ్ళ అలవాటు కావాలి.

గురి అంటే తగలడం ఒక్కటే కాదని చౌగఢ్ పులుల కథ చెబుతుంది. అక్కడ ఒక ముసలి ఆడపులి, ఎదిగిన దాని పిల్ల కలిసి తిరిగేవి. మనుషులను చంపేది ముఖ్యంగా తల్లి. 1929లో రెండూ కలిసి కనబడ్డాయి. ఒకదాని రంగు కొంచెం వెలిసినట్టున్నది. వెలిసిన రంగు ముసలిదానిదని తలచి కార్బెట్ దాన్నే కాల్చాడు. తూటా సరిగ్గా తగిలింది. కాని చచ్చింది పిల్ల. తల్లి తప్పించుకుంది. ఆ పొరపాటువల్ల మరుసటి ఏడాదిలో మరికొందరి ప్రాణాలు పోయాయి. ఆ లెక్కను కార్బెట్ తన పుస్తకంలో తానే రాసుకున్నాడు.

1930 ఏప్రిల్ 11న ఆ తల్లి పులి ఎదురయింది. ఆ రోజు దారిలో ఆయన ఒక పక్షి గుడ్లు రెండు చూశాడు. అరుదైన గుడ్లని ఎడమచేతిలో పట్టుకుని నడుస్తున్నాడు. ఒక పెద్దబండ పక్కనుంచి దిగి తల తిప్పితే ఎనిమిదడుగుల దూరంలో పులి పడుకుని ఆయన ముఖంలోకే చూస్తున్నది. రైఫిలు కుడిచేతిలో ఉంది. గొట్టం పులికి ఎదురువైపు తిరిగి ఉంది. గుడ్లు జారవిడిస్తే చప్పుడవుతుంది. చెయ్యి చటుక్కున కదిపితే పులి దూకుతుంది. ఒంటిచేత్తో, కదులుతున్నట్టే తెలియకుండా, ముక్కాలు చుట్టు రైఫిలును తిప్పుతూ వచ్చాడు. చెయ్యి లాగేస్తున్నది. పులి కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. గొట్టం పులివైపు తిరగగానే ట్రిగ్గరు నొక్కాడు. పులి తల వాలిపోయింది. గుడ్లు చెక్కుచెదరలేదు. అంతా అయ్యాక కార్బెట్ వెనక్కు నడిచి, ఆ గుడ్లను గూటిలో పెట్టి వచ్చాడు. తల్లిపిట్ట తిరిగివచ్చి వాటిమీద కూర్చుంది.

ఆయన కాల్చిన చివరి నరమాంస భక్షకి ఠాక్ గ్రామపు ఆడపులి. అది 1938 నవంబరు. కార్బెట్‌కు అరవై మూడేళ్ళు. ఆ పులి జోడుకోసం పిలుస్తూ తిరుగుతున్నదని గ్రహించి, చిన్ననాడు నేర్చిన విద్యతో మగపులిలా గాండ్రించి దాన్ని తన దగ్గరికే రప్పించుకున్నాడు. పొద్దు గుంకుతున్న ఆఖరి వెలుగులో కాల్చాడు. బండ అంచున కూర్చుని పేల్చినందువల్ల ఆ తాకిడికి వెనక్కు దొర్లి, కింద కూర్చున్న తన మనుషుల మీద పడ్డాడు.

అప్పటికే ఆయన తుపాకి కంటె కెమెరాను ఎక్కువగా మోస్తున్నాడు. పులిని కాల్చడం కంటె బొమ్మ తీయడం కష్టమని ఆయనకు అనుభవం మీద తెలిసింది. కెమెరాకు ఇంకా దగ్గరగా పోవాలి, ఇంకా ఎక్కువసేపు కదలకుండా ఉండాలి. వేట విద్యలో ట్రిగ్గరు తప్ప మిగిలినదంతా అందులోనూ ఉంది. కెమెరా చప్పుడు పులి చెవిన పడకుండా ఉండడానికి ఆయన సెలయేటికి అడ్డుకట్టలు వేసి నీటి హోరు కల్పించాడు. అడవులు తరిగిపోతున్నాయని, సరదా వేటవల్ల పులులు అంతరించిపోతాయని సభలలో చెప్పాడు, పత్రికలలో రాశాడు. ఆయనా ఒకప్పుడు సరదాకు వేటాడినవాడే. ఆ మాట మరిచి ఆయనను పొగడడం న్యాయం కాదు. 1936లో కుమాయూన్ కొండల దిగువన భారతదేశపు మొదటి జాతీయ వనం ఏర్పడింది. దాని ఏర్పాటుకు పాటుపడినవారిలో ఆయన ఒకడు. 1944లో ఆయన మొదటి పుస్తకం, కుమాయూన్ నరమాంస భక్షకుల కథ, వెలువడి ప్రపంచమంతటా చదువరులను సంపాదించింది. తరువాత మరికొన్ని పుస్తకాలు రాశాడు. 

కార్బెట్ పెళ్ళి చేసుకోలేదు. 1947 చివర అక్క మాగీతో కలిసి ఆఫ్రికాలోని కెన్యా దేశానికి వెళ్ళి న్యేరి అనే ఊళ్ళో స్థిరపడ్డాడు. 1955 ఏప్రిల్ 19న అక్కడే మరణించాడు. జాతీయ వనానికి ఆయన పేరు పెట్టారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి పులివేట ఆగిపోయింది. ఆ సంవత్సరపు లెక్కలో దేశంలో 1,827 పులులు మాత్రమే తేలాయి. పులులను కాపాడే పథకం 1973 ఏప్రిల్ 1న ఆ వనంలోనే ప్రారంభమయింది.

చంపావత్ పులిని చంపినందుకు ఇచ్చిన .275 రైఫిలు చాలాకాలం ఇంగ్లండులో ఉండి, తిరిగి దాన్ని తయారుచేసిన కంపెనీ చేతికే వచ్చింది. దాని కర్రమీద ఒక చిన్న వెండి రేకు ఉంది. ఆ రైఫిలు ఎందుకు ఇచ్చారో ఆ రేకు మీద చెక్కి ఉంది. 2016లో దాన్ని ఒకసారి భారతదేశానికి తెచ్చి, ఆయన తిరిగిన కుమాయూన్ ప్రాంతంలో ప్రజలకు చూపించారు.